భయపడినవారికే ప్రవేశం

పనసగెడ్డ అనే కొండవాగు మీద వేలాడే వంతెన దగ్గర లెంక వైకుంఠరావుని టికెట్ల బల్ల ముందు కూర్చోబెట్టిన మొదటి రోజే, ఆయన కుర్చీని వంతెనకి వీపు పెట్టి వేసుకున్నాడు. ఎందుకని అడిగినవాళ్లకి "కొండగాలి మొహానికి పడదండీ" అని చెప్పాడు. అసలు సంగతి వేరు. వైకుంఠరావుకి ఎత్తంటే చచ్చేంత భయం. ఇంట్లో వడియాలు పెట్టాలన్నా డాబా మీదకి భార్యే ఎక్కాలి. ఈయన కింద వాకిట్లో నిలబడి కాకుల్ని అదిలిస్తాడు.

మరి అలాంటి మనిషికి రెండువందల అడుగుల లోయ పక్కన ఉద్యోగమేమిటయ్యా అంటే, గిరి సాహస పర్యాటక సంస్థలో చేరేటప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. "నాకు ఎత్తు వలన ఎట్టి భయమూ లేదు. ఉన్నట్టు తేలినచో నా నియామకం దానంతటదే రద్దగును." అప్పుడు ఆయన పని కింద ఊళ్లో ఆఫీసులో. నేల మీద కూర్చుని ఎవరు మాత్రం అలాంటి సంతకం పెట్టరు? పెట్టిన ఏడాదికి కొండ మీద వేశారు. అప్పట్నుంచీ నాలుగేళ్లుగా ఒక్కసారైనా వెనక్కి తిరిగి వంతెనని తేరిపార చూసిన పాపాన పోలేదు.

వంతెన మాత్రం బాగానే నడిచేది. ఆ చివరినుంచి ఈ చివరికి నూటపదిహేను చెక్క పలకలు, అటొక గేటు, ఇటొక గేటు. మైదానం నుంచి జీపుల్లో జనం వచ్చేవారు. కాఫీ తోటల్లో ఫొటోలు దిగి, బొంగులో కోడికూర తిని, కాళ్లకి పట్టిన జలగల్ని చూసి కేకలు పెట్టి, ఆఖర్న వంతెన ఎక్కి ఊగేవారు. అవతలి ఒడ్డున దుంపమెట్ట అని పంతొమ్మిది గడపల ఊరు. వాళ్లూ అదే వంతెన మీద నెత్తిన పనసకాయలు పెట్టుకుని, కబుర్లాడుకుంటూ సంతకి వచ్చిపోయేవారు. మనకి సాహసం, వాళ్లకి రోడ్డు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

అలా ఉండనిస్తే సంస్థ ఎందుకవుతుంది?

ఒక పర్యాటకుడు ఇంటికెళ్లి ఫిర్యాదు రాశాడు. "మీ కరపత్రంలో గుండెలు జారిపోయే అనుభవం అని వేశారు. నా గుండె ఎక్కడున్నది అక్కడే ఉన్నది. ఇది మోసం." ఆ ఉత్తరం మీద ప్రధాన కార్యాలయంలో రెండు రోజులు సమావేశం జరిగింది. మూడో రోజు ఉప సంచాలకులు దివాకర పట్నాయక్ గారు సర్క్యులర్ పట్టుకుని స్వయంగా కొండెక్కారు. పట్నాయక్ గారు మామూలుగా మాట్లాడినా ఎవరో ఆఫీసు ఉత్తరం పైకి చదువుతున్నట్టే ఉంటుంది.

"వైకుంఠరావు గారూ, సంస్థ అమ్ముతున్నది వంతెన కాదు, భయం. భయం కలగని వ్యక్తిని వంతెన ఎక్కించుట అనగా సరుకు ఇవ్వకుండా గిరాకీని పంపివేయుట. ఇది సేవా లోపం. కావున ఇకమీదట భయపడగల అర్హత ఉన్నవారికే ప్రవేశం."

"భయపడేవాళ్లని ఎక్కిస్తే ప్రమాదం కదండీ?" అన్నాడు వైకుంఠరావు.

"ప్రమాదం వేరే విభాగం చూసుకుంటుంది."

అంతే. వైకుంఠరావు ఆ పూటనుంచి భయ నిర్ధారణాధికారి అయిపోయాడు. ఒక రబ్బరు స్టాంపు ఇచ్చారు, ఒక ఫారం ఇచ్చారు. ఫారంలో నూరు మార్కులు. అరచేతుల చెమటకి ఇరవై, మోకాళ్ల వణుకుకి ఇరవై, నోరు ఎండుటకు ఇరవై, దేవుళ్లని తలచుకొనుటకు ఇరవై, "ఎందుకొచ్చాన్రా బాబూ" అని పశ్చాత్తాపపడుటకు ఇరవై. అరవై దాటితే పాస్. బల్ల పైన స్తంభానికి ఒక కెమేరా, దానికో మైకు తగిలించారు. కింద ఊళ్లో పట్నాయక్ గారు తన గదిలో కూర్చునే అన్నీ చూస్తారు, అవసరమైతే మాట్లాడతారు. కెమేరా చూసిందంతా ప్రధాన కార్యాలయంలో దాస్తారు కూడా. ఇంకొక నియమం కూడా ఉంది. అర్హుడు మొదటి పలక మీద కాలు పెట్టాక, అవతలి గేటు ముట్టకుండా వెనక్కి రాకూడదు. సగం భయం అమ్మడం సంస్థ గౌరవానికి భంగమట.

మర్నాడు కొత్తగా పెళ్లైన జంట వచ్చింది. పెళ్లికూతురికి పద్నాలుగు మార్కులు వచ్చాయి, అవి కూడా ఎండకి పట్టిన చెమటవి. పెళ్లికొడుక్కి ఎనభై ఎనిమిది.

"అమ్మా, మీరు ఫెయిలు. బాబూ, మీరు పదండి."

"నేనొక్కణ్ణేనా? అసలు ఇక్కడికి వద్దామన్నదే తనండీ!" అని పెళ్లికొడుకు గేటు పట్టుకుని వేలాడాడు. ఆ మాటకి పశ్చాత్తాపం కింద మరో నాలుగు మార్కులు పడ్డాయి. గేటు మూసేశాక పాపం కూర్చుని పాకుతూ వెళ్లి, అవతలి గేటు ముట్టి, పాకుతూ వచ్చాడు. పెళ్లికూతురు ఇవతల నిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. అభిప్రాయాల పుస్తకంలో అతను వంకరటింకరగా ఏదో రాశాడు. అది 'అద్భుతం' అని పట్నాయక్ గారు చదివి, పటం కట్టించారు.

ఇంక చూడండి తమాషా. ధైర్యవంతులంతా గేటు బయట ధర్నా, పిరికివాళ్లంతా వంతెన మీద ఏడుపు. పక్కనే టీకొట్టు పెట్టుకున్న అప్పలనరసమ్మ వారం తిరక్కుండా భయానికి కోచింగ్ మొదలెట్టేసింది. టీతోపాటే పాఠం.

"అదిగో ఆ మేకు సూసినారా? నిన్న లోపలికుండీది, ఇయ్యాల బయటికొచ్చీసినాది" అని చెవిలో చెప్పేది. రాజమండ్రి నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగులు తొమ్మిదిమంది ఆమె దగ్గర అరగంట కూర్చుని, ఫస్టు క్లాసులో పాసై, తీరా గేటు తీశాక ఎక్కం గాక ఎక్కమని మొండికేశారు.

దుంపమెట్ట వాళ్ల గతే అధ్వాన్నమైంది. ఇవతల చిక్కుకున్నవాళ్లకి సున్నా మార్కులు. అవతల ఉన్నవాళ్లని పరీక్షించాలంటే అధికారి అవతలికి వెళ్లాలి. అధికారి వంతెన దాటడం విధుల్లో లేదు. ఈ ఒక్క ముక్క రాసినందుకు వైకుంఠరావు సర్క్యులర్‌ని కళ్లకద్దుకున్నాడు. అవతలి గేటు తాళం ఆయన జేబులోనే ఉండిపోయింది.

ఒకనాడు దుంపమెట్ట మనిషి కిల్లో సొంబ్రి సంతలో మేకని కొనుక్కుని ఇంటికి పోదామని వచ్చాడు.

"భయం వేస్తోందా?"

"దేనికి బాబూ? ఇంటికెల్తన్నాను కాదేటి?"

సొంబ్రికి సున్నా. కానీ మేక మోకాళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, నోరు ఎండి నాలుక బయటపెట్టింది, ఆపకుండా ఎవర్నో తలచుకుని అరుస్తోంది. మైకులోంచి పట్నాయక్ గారి గొంతు వినిపించింది. "నియమావళిలో 'వ్యక్తి' అని ఉన్నది కానీ 'మనిషి' అని లేదు. అర్హతను తొక్కిపెట్టరాదు." డెబ్భై నాలుగు మార్కులతో మేక ఒక్కతే దర్జాగా వంతెన దాటి, గేటు కిందనుంచి దూరి దుంపమెట్ట చేరింది. సొంబ్రి తన మేకని కలుసుకోవడానికి అడవిలో ఇరవై రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి నడిచాడు.

ఊరివాళ్లు మొరపెట్టుకుంటే పట్నాయక్ గారు చలించిపోయారు. "తరతరాలుగా భయంలో వెనుకబడిపోయిన ప్రాంతమిది" అని నిట్టూర్చి, ఇవతల చిక్కుకున్న పదిమందికీ మూడు రోజుల భయాభివృద్ధి శిబిరం పెట్టించారు. లోయల బొమ్మలు వేసి చూపించారు. "ఆ పక్క అల్లం బాగా ఎదిగినాది" అని వాళ్లు బొమ్మలోని పొలాన్ని మెచ్చుకున్నారు. మూడో రోజు ఒక ముసలాయన నిజంగానే గజగజ వణికాడు. అధికారులు సంబరపడి కారణం అడిగారు. "ఈ కాయితాలు సూత్తే భయం బాబూ. మా పేర్లన్నీ రాసీసినారు, ఏటి సేత్తారో ఏటో" అన్నాడు. ఆఫీసు వలన కలిగే భయం లెక్కలోకి రాదని, వంతెన వలన కలిగినదే చెల్లుతుందని ఆయన్ని ఫెయిలు చేశారు.

ఇదంతా నవ్వులాటగానే సాగిపోయేదేమో. కానీ ఆషాఢంలో ముసురు పట్టిన ఒక బుధవారం, టీకాలు మోసుకొచ్చే కొర్రా జగ్గు గేటు దగ్గరికి వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి. భుజాన నీలం పెట్టె.

బుధవారం టీకాల రోజు. జగ్గు ఆసుపత్రి నుంచి మందు తెస్తే దుంపమెట్టలో ఉండే నర్సు ఈశ్వరమ్మ పిల్లలకి వేస్తుంది. కిందటి బుధవారం జగ్గుకి రెండు మార్కులొచ్చి, పెట్టె వెనక్కి పోయింది. ఈలోగా దుంపమెట్ట పైన ఉన్న గూడెంలో ఇద్దరు పిల్లలకి తట్టు పోసింది. పై వాగు పొంగి చుట్టుదారి మునిగిపోయింది. ఇంక మిగిలిన దారి వంతెనొక్కటే.

"రావుబాబూ, మంచుబిళ్ళలు కరిగిపోతన్నాయి. మజ్జాన్నం దాటితే మందు సచ్చిపోతాది. అదిగో, ఆల్లు వొచ్చీసి నిలబడిపోనారు" అన్నాడు జగ్గు.

వైకుంఠరావు నాలుగేళ్లలో మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు. వానలో అవతలి గేటు వెనకాల ఈశ్వరమ్మ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. పక్కన పసిపిల్లల్ని చీరచెంగుల్లో చుట్టుకున్న తల్లులు. లెక్కపెడితే పదకొండుమంది. వాళ్లకంటే ముందు, మధ్యలో ఉన్న లోయ కనిపించింది. చప్పున ఇటు తిరిగి బల్ల పట్టుకున్నాడు.

"బాబ్బాబు, ఈసారి కొంచెం గట్టిగా భయపడరా జగ్గూ."

జగ్గు నిజాయితీగా ప్రయత్నించాడు. కళ్లు మూసుకున్నాడు, లోయలోకి వంగి చూశాడు, పెద్దపులిని తలచుకున్నాడు. ఆఖరికి చెమట పట్టింది, నోరు ఎండింది, మోకాళ్లు వణికాయి. వైకుంఠరావు ఆశగా మార్కులు వేస్తూ అరవై ఒకటి దాకా వచ్చాడు. పైనుంచి మైకు గరగరమంది. "భయానికి కారణం నమోదు చేయండి."

"ఆ పిల్లలకేటైనా అయిపోద్దేమోనని బాబూ" అన్నాడు జగ్గు.

"వంతెన వలన కాదు. చెల్లదు."

"సార్, మందు పాడైపోతుందండీ" అన్నాడు వైకుంఠరావు కెమేరా వైపు చేతులు జోడించి.

"టీకాలు ఆరోగ్య శాఖ పరిధి, భయం మన పరిధి. మినహాయింపు కోరుతూ కమిటీకి రాయండి. కమిటీ నెలకొకసారి సమావేశమగును."

పర్యాటకుల్లో ఒక పిరికివాడు దొరికినా పెట్టె ఇచ్చి పంపేవారు. ముసురుకి ఒక్క జీపూ రాలేదు. సొంబ్రి మేక టీకొట్టు దగ్గర అరటితొక్కలు నములుతుంటే దాని మెడకి కడదామన్నాడు జగ్గు. అది ఈపాటికి రోజుకి నాలుగుసార్లు గేట్ల కింద దూరి తిరుగుతోంది. మళ్లీ పరీక్షిస్తే ఎనిమిది మార్కులు వచ్చాయి. ఫారం కూడా తినేసింది.

"అలవాటైపోనాది దానికి" అంది అప్పలనరసమ్మ.

జగ్గు పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. గలగలమనాల్సింది బుడబుడమంది. అప్పుడు వైకుంఠరావుకి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద అని అడక్కండి. తన మీదే. ఈ కొండంతా గాలించినా వంతెన ఎక్కడానికి అర్హత ఉన్న మనిషి ఒక్కడే ఉన్నాడు. వాడు నాలుగేళ్లుగా వీపు పెట్టి కూర్చున్నాడు.

కొత్త ఫారం తీశాడు. 'పేరు' దగ్గర లెంక వైకుంఠరావు అని రాశాడు.

"ఏమిటది?" అంది మైకు.

"నాకు భయమండీ" అన్నాడు వైకుంఠరావు. "ఎత్తంటే చచ్చేంత భయం. మొదట్నుంచీ భయమే. ఆ సంతకం అబద్ధం."

మైకులో కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "అట్లైన మీ నియామకం రద్దు. నియామకం లేని వ్యక్తి భయాన్ని నిర్ధారించజాలడు."

"రద్దు కాగితం చేతికి అందేదాకా ఉద్యోగంలోనే ఉన్నట్టు లెక్కండి. అది మన నియమావళిలోనే ఉంది. ఈలోగా నన్ను నేను పరీక్షించుకుంటున్నాను." చెమటకి ఇరవై, వణుకుకి ఇరవై, ఎండిన నోటికి ఇరవై, సింహాచలం అప్పన్న దగ్గర్నుంచి ఊరి పోలేరమ్మ దాకా అందర్నీ పిలిచినందుకు ఇరవై, పశ్చాత్తాపానికి పద్దెనిమిది. తొంభై ఎనిమిది మార్కులు. స్టాంపు ధనామని గుద్దాడు. పెట్టెని మెడకి తగిలించుకున్నాడు.

"రావుబాబూ, కిందకి సూడకండి. ఈశ్వరమ్మ గొడుగునే సూడండి!" అన్నాడు జగ్గు.

నాలుగు కాళ్ల మీద బయల్దేరాడు వైకుంఠరావు. మొదటి పలక మీద ఏడ్చాడు. పదో పలక మీద భార్యకి మనసులోనే అన్ని క్షమాపణలూ చెప్పుకున్నాడు. ముప్ఫయ్యో పలక దగ్గర గాలి వీచి వంతెన ఉయ్యాలలా ఊగింది. బోర్లా పడుకుని తాడుని పళ్లతో కూడా పట్టుకున్నాడు. ఇటునుంచి జగ్గు, అప్పలనరసమ్మ, అటునుంచి పదకొండుమంది తల్లులు "రండి బాబూ, రండి రండి" అని కేకలు. పెట్టెలో నీళ్లు బుడబుడ. ఆ చప్పుడు వింటూ మళ్లీ పాకాడు.

ఇంచుమించు మధ్యకి వచ్చేసరికి, అరవయ్యో పలక దగ్గర, కళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి. కింద మబ్బు. మబ్బు చిరిగిన చోట పచ్చగా గెడ్డ, దాని ఒడ్డున పనసచెట్లు. తల గిర్రున తిరిగింది. తిరిగి తిరిగి ఆగింది. తను మాత్రం పడలేదు. ఎందుకో తెలీదు, వైకుంఠరావుకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే వంతెన ఊగింది, ఊగుతుంటే ఇంకా నవ్వొచ్చింది. "ఓరి నీ! ఇంతేనా? దీనికా నాలుగేళ్లు మెడ తిప్పలేదు!" అని గట్టిగా అరిచాడు. లేచి నిలబడ్డాడు. మిగతా యాభై అయిదు పలకలూ పెళ్లివారింటికి పోతున్నవాడిలా నడిచి, జేబులోంచి తాళం తీసి గేటు తెరిచాడు.

ఈశ్వరమ్మ పెట్టె మూత తీసి చెయ్యి పెట్టింది. మందు పాడైతే రంగు మారే గుర్తుని సీసా మీద చూసింది. "బాగుంది. చల్లగానే ఉంది" అంది. పావుగంటలో పదకొండుమంది పిల్లలు గుక్కపట్టి ఏడ్చారు. అంత కమ్మని ఏడుపు వైకుంఠరావు తన జన్మలో వినలేదు.

తిరిగి వంతెన ఎక్కబోతుంటే మైకు లోయంతా మారుమోగింది. "ఆగండి! మీకు భయం వేస్తున్నదా?"

అబద్ధం చెబితే సరిపోయేది. కానీ అయిదేళ్ల క్రితం అబద్ధంగా పెట్టిన సంతకం ఇప్పుడు నిజమైంది కదా. దాన్ని ఎలా వదులుకుంటాడు?

"లేదండీ! పిసరంత కూడా లేదు!"

"అట్లైన ఎక్కరాదు!"

"సరేనండీ!" అని చెప్పి, దుంపమెట్ట వెళ్లి సొంబ్రి ఇంట్లో అల్లం టీ తాగి, పనసతొనలు తింటూ కూర్చున్నాడు.

మర్నాడు పది గంటలకి పట్నాయక్ గారు రద్దు కాగితంతో జీపు దిగారు. కాగితం స్వయంగా చేతికి ఇచ్చి సంతకం తీసుకోవాలి. మారుతాళంతో గేటు తీసి, ముగ్గురు గుమాస్తాలు చూస్తుండగా, గంభీరంగా వంతెన ఎక్కారు. మూడు పలకలు నడిచారు. అక్కడ కిందకి చూశారు.

అంతే, నాలుగో అడుగు పడలేదు. రెండు చేతులూ తాళ్లని కరుచుకున్నాయి. కాగితం ఎగిరి మబ్బులో కలిసిపోయింది. వెనక గుమాస్తాలు నియమం ప్రకారం గేటు మూసేశారు. అర్హుడు అవతలి గేటు ముట్టేదాకా తియ్యకూడదు మరి.

అవతలినుంచి వైకుంఠరావు చేతులూపుకుంటూ వచ్చాడు. వెనకాలే మేక. పట్నాయక్ గారి ముందు నిలబడి జేబులోంచి ఫారం తీశాడు.

"భయం వేస్తోందాండీ?"

"లేదు" అన్నారు పట్నాయక్ గారు, పళ్లు టకటకలాడుతుంటే.

"లేకపోతే తమరు ఇక్కడ ఉండకూడదండీ. వెనక్కి తిరగండి."

పట్నాయక్ గారు వెనక్కి తిరగడానికి చూశారు. మెడ మాత్రం తిరిగింది.

"ఉంటే చెప్పండి, మార్కులు వేసేస్తాను. మీరు కూడా చేరేటప్పుడు ఆ కాగితం మీద సంతకం పెట్టే ఉంటారు కదండీ?"

గాలి వీచింది. వంతెన ఊగింది. పట్నాయక్ గారి పెదవులు కదిలాయి. అప్పన్న పేరు వినిపించింది, పోలేరమ్మ పేరు వినిపించింది, పేరు తెలియని దేవుళ్లు కూడా ఇద్దరు ముగ్గురు వినిపించారు. ఆఖరికి, పాతికేళ్ల సర్వీసులో మొదటిసారి, ఉత్తరంలా కాకుండా మనిషిలా మాట్లాడారు.

"వైకుంఠరావూ, నీ పుణ్యముంటుంది. ముందు ఆ కెమేరా అటు తిప్పించవయ్యా."

సైగ అందుకుని జగ్గు స్తంభం ఎక్కి కెమేరాని గెడ్డవైపు తిప్పేశాడు. వైకుంఠరావు పట్నాయక్ గారి చెయ్యి పట్టుకుని, పలక పలకా లెక్కపెట్టించి, ఇవతలి గేటు దాకా తీసుకొచ్చాడు. కెమేరా చూడటం లేదు గనక గుమాస్తాలు గేటు తీసేశారు. ఒడ్డు చేరాక కూడా చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు పట్నాయక్ గారు.

సర్క్యులర్‌ని ఎవరూ రద్దు చేయలేదు. ఈనాటికీ అమల్లోనే ఉంది. ప్రతి నెలా అందరికీ డెబ్భై అయిదేసి మార్కులతో ఫారాలు కిందకి వెళ్తాయి, పట్నాయక్ గారు చూడకుండానే సంతకం పెట్టి ప్రధాన కార్యాలయానికి పంపుతారు. కెమేరా గెడ్డకేసే చూస్తోంది. రెండు గేట్లూ బార్లా తెరిచి ఉంటాయి. జనం ఎవరి దారిన వాళ్లు నడుస్తుంటారు. వైకుంఠరావు కుర్చీ ఇప్పుడు వంతెనవైపు తిరిగి ఉంది. బుధవారం పూట మాత్రం అది ఖాళీ. నీలం పెట్టె మోసే వంతు ఆయనదే.